ఎడారి సీతాకోకచిలుకలు: జాల్ చెట్టు దగ్గర మొదలుపెట్టి జాతి పేరు దాకా

జైసల్మేర్ చుట్టుపక్కల ఇసుకలో రెండు గంటలు నడిచినా ఒక్క సీతాకోకచిలుక కూడా కనబడకపోవచ్చు. అదే ఒక జాల్ చెట్టు పక్కన పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే, రెండు మూడు రకాలు మీ మోకాలి ఎత్తులోనే ఎగురుతూ వచ్చి ఆకుల మీద వాలతాయి. ఈ వ్యాసం అంతటికీ అదే మూలం. అడవిలో మనం సీతాకోకచిలుకను చూసి, తర్వాత అది ఏ మొక్క మీద వాలిందో గమనిస్తాం. ఎడారిలో ముందు మొక్కను పట్టుకోవాలి. మొక్క తెలిస్తే దాని మీదికి ఏవి వస్తాయో సగం తెలిసినట్టే. మిగతా సగం కాళ్ళు, మీసాలు, రెక్కల అడుగు భాగం చూసి తేల్చుకోవాలి.

నేను ఇక్కడ చెప్పేది థార్ ఎడారి గురించి. రాజస్థాన్‌లో జైసల్మేర్, బాడ్మేర్, బికనేర్, జోధ్‌పూర్ వైపు విస్తరించి, గుజరాత్‌లో కచ్ దాకా ఇదే రకం పొడి నేల కనబడుతుంది. మన తెలుగువాళ్ళకు ఇది దూరపు విషయం అనిపించవచ్చు, కానీ కాదు. అనంతపురం ఎడారి కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, జైసల్మేర్‌లో అది 200 లోపే. అయినా థార్‌లో కనబడే సీతాకోకచిలుకల్లో చాలా జాతులు రాయలసీమ పొదల్లోనూ ఉన్నాయి. అక్కడ నేర్చుకున్న చూపు ఇక్కడా పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. మన పాఠ్యపుస్తకాల పద్ధతిలోనే, ఒక్కో రకాన్ని జాతి అనీ, దగ్గరి జాతుల గుంపును ప్రజాతి అనీ, ప్రజాతుల గుంపును కుటుంబం అనీ అంటాను. ప్రపంచంలో సీతాకోకచిలుకల జాతులు 18,000కు పైగా, మన దేశంలో 1,300కు పైగా ఉన్నాయి. ఎడారిలో వీటిలో చిన్న భాగమే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది మంచి అవకాశం. పడమటి కనుమల్లో మొదటి రోజే యాభై రకాలు చూసి కంగారు పడేకంటే, ఇక్కడ ఇరవై రకాలను క్షుణ్ణంగా నేర్చుకోవచ్చు.

మొదటి మెట్టు: ఎప్పుడు వెళ్ళాలి

వేసవిలో వెళ్ళకండి. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. ఆ వేడిలో మీకూ ప్రమాదమే, చూడటానికీ పెద్దగా ఏమీ ఉండదు. నైరుతి రుతుపవనాలు థార్‌కు జూలైలో చేరతాయి. వాన పడ్డాక చిగుళ్ళు, చిగుళ్ళ మీద గుడ్లు, ఆ తర్వాత గొంగళి పురుగులు, చివరికి రెక్కలు. ఈ వరుసకు కొన్ని వారాలు పడుతుంది కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు అన్నిటికంటే మంచి నెలలు. ఫిబ్రవరి, మార్చిలో ఇంకో చిన్న విడత ఉంటుంది.

ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత తిరగండి. మధ్యాహ్నం అవి పొద లోపలికి దూరి నీడలో కూర్చుంటాయి. మీరూ అదే పని చేయండి. పశువులు నీళ్ళు తాగే తొట్ల దగ్గర తడి నేలను తప్పకుండా చూడండి. మగ సీతాకోకచిలుకలు ఉప్పు కోసం ఆ బురద మీద వాలతాయి. మనిషికి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు, తలకు గుడ్డ, మడమ దాకా కప్పే బూట్లు ఉండాలి. పొదల కింద పింజర పాములుంటాయి, చేయి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడండి.

రెండో మెట్టు: ముందు చెట్లు నేర్చుకోండి

ఇక్కడ తొందర పడొద్దు. ఒక రోజంతా చెట్లకే ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యమైనది జాల్, అంటే సాల్వడోరా. పీలూ అనేది కూడా ఇదే. దీని పుల్లను పళ్ళు తోముకోవడానికి వాడతారు, మిస్వాక్ అని మన దగ్గర కూడా దొరుకుతుంది. థార్‌లో రెండు రకాలున్నాయి: ఖారా జాల్, మీఠా జాల్. కొమ్మలు నేల దాకా వాలి, లోపల గుడిసెలా నీడ ఉంటుంది. రెండోది కైర్, అంటే కప్పారిస్ డెసిడువా. దాదాపు ఆకుల్లేని పచ్చటి పుల్లల పొద. దీని కాయలతోనే మార్వాడీల ఊరగాయ పెడతారు. మూడోది కడబా, దీన్ని మన పల్లెల్లో ఆడమొరినిక అంటారు. వీటితో పాటు రేగు, తుమ్మ, జిల్లేడు మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. థార్ ప్రజలు ఖేజ్రీ అని కొలిచే చెట్టు మన దసరా నాటి జమ్మి చెట్టే. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదొక్కటే.

ఇప్పుడు ఒక విశేషం చెప్పాలి, ఎందుకంటే వర్గీకరణ అంటే పేర్ల జాబితా కాదని నాకు మొదటిసారి అర్థమైంది దీని వల్లే. ఆవాలు నలిపితే వచ్చే ఘాటు మీకు తెలుసు. ఆవ, క్యాబేజీ, ముల్లంగి మొక్కలు తమను తినే పురుగుల నుంచి కాపాడుకోవడానికి ఆ ఘాటు తయారుచేసుకుంటాయి. తెల్ల, పసుపు సీతాకోకచిలుకల కుటుంబమైన పియరిడే గొంగళి పురుగుల్లో చాలావాటికి ఆ విషాన్ని విరిచే శక్తి ఉంది. అందుకే క్యాబేజీ తోటల్లో తెల్ల సీతాకోకచిలుకలు అంతగా చేరతాయి. కైర్, కడబాలలోనూ ఇదే ఘాటు ఉంది, వాటి మీదా ఇదే కుటుంబం గుడ్లు పెడుతుంది. ఇంతవరకు ఆశ్చర్యం లేదు. కానీ జాల్ చెట్టును వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం వేరే వర్గాల్లో, ఆవ మొక్కలతో సంబంధం లేని చోట ఉంచారు. పియరిడే సీతాకోకచిలుకలు మాత్రం తరతరాలుగా దాని మీద గుడ్లు పెడుతూనే ఉన్నాయి. చివరికి డీఎన్‌ఏ ఆధారంగా మొక్కల వర్గీకరణను తిరిగి రాసినప్పుడు, జాల్‌ను ఆవ, కైర్ ఉన్న క్రమంలోనే (క్రమం అంటే కుటుంబాల గుంపు) చేర్చారు. మిస్వాక్ నమిలితే నాలుక మీద తగిలే కారం ఆ చుట్టరికానికి గుర్తు. గొంగళి పురుగు ఆ చుట్టరికాన్ని రుచితో ఎప్పుడో పట్టేసింది.

అందువల్ల ఈ చిన్న పట్టికను మనసులో పెట్టుకోండి. జాల్ మీద అరబ్ అనే పేరున్న కోలోటిస్‌లు (కోలోటిస్ అంటే పియరిడే కుటుంబంలో ఒక ప్రజాతి, దాని గురించి ఐదో మెట్టులో చెబుతాను). కడబా, కైర్ మీద ఎర్ర కొసలు, నారింజ కొసలున్న కోలోటిస్‌లు, పయొనీర్ అనే తెల్లది. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్. రేగు మీద పియెరో అనే చుక్కల చిన్నవి. తుమ్మ మీద బబుల్ బ్లూలు. నేల మీద పాకే గంగపాయల కూర మీద డానాయిడ్ ఎగ్‌ఫ్లై. తుత్తురు బెండ జాతి మొక్కల మీద కొన్ని స్కిప్పర్లు. ఇది కచ్చితమైన చట్టం కాదు. తేనె తాగడానికి ఏదైనా ఏ పువ్వు మీదైనా వాలుతుంది. గుడ్లు పెట్టే చోటు మాత్రం ప్రతి జాతికీ నియమమే. ఆడది ఆకు మీద వాలి పొట్ట కొసను వంచుతోందంటే, ఆ ఆకును ఫోటో తీయండి. ఒక్కోసారి ఆ ఆకు ఫోటోనే జాతిని తేలుస్తుంది.

మూడో మెట్టు: ఫోటో ఎలా తీయాలి

మీ నీడ దాని మీద పడకుండా, వంగి, నెమ్మదిగా వెళ్ళండి. మొదటి ఫోటో దూరం నుంచే తీసేయండి, దగ్గరికి వెళ్ళేలోపు ఎగిరిపోవచ్చు. తర్వాత మూడు ఫోటోలు కావాలి: మూసిన రెక్కల అడుగు భాగం, తెరిచిన రెక్కల పైభాగం, ముఖంతో పాటు కాళ్ళు. చాలామంది అందంగా కనబడే పైభాగం తీసి సంతోషపడతారు. గుర్తింపుకు ఎక్కువగా అక్కరకొచ్చేది అడుగు భాగం. నాలుగో ఫోటో, అది కూర్చున్న మొక్క. ఫోన్‌తో కూడా ఇవన్నీ చేయవచ్చు. క్లిప్‌తో తగిలించే మాక్రో లెన్స్ ఉంటే చిన్న నీలి రకాలకు ఉపయోగం.

వల పట్టుకుని వెళ్ళొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న సీతాకోకచిలుకలు చాలానే ఉన్నాయి. అందులో సర్వసాధారణంగా కనిపించే డానాయిడ్ ఎగ్‌ఫ్లై కూడా చాలాకాలం మొదటి షెడ్యూలులో ఉండేది. 2022 సవరణతో షెడ్యూళ్ళు మారాయి. జైసల్మేర్, బాడ్మేర్ మధ్య ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కులో అనుమతి లేకుండా దేన్నీ పట్టుకోకూడదు, రాలిన రెక్క కూడా తీసుకురాకూడదు.

నాలుగో మెట్టు: కుటుంబం తేల్చడం

రంగు చూసి మొదలుపెట్టకండి. కాళ్ళు, మీసాలు చూడండి.

ముందు అది అసలు సీతాకోకచిలుకేనా? సీతాకోకచిలుక మీసాల కొసలు అగ్గిపుల్ల తలలా ఉబ్బి ఉంటాయి. మాత్‌లకు, అంటే దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులకు, దారంలానో, ఈకలానో ఉంటాయి. ఎడారిలో ఈ ప్రశ్న తప్పనిసరి, ఎందుకంటే యూటెథైసా అనే తెల్లటి మాత్, ఎరుపు నలుపు చుక్కలతో, పట్టపగలే ఎగురుతుంది. చూసిన ప్రతివాళ్ళూ దాన్ని సీతాకోకచిలుకే అనుకుంటారు.

మీసం కొస కొక్కెంలా వంగి, రెండు మీసాల మధ్య ఎడం ఎక్కువగా ఉండి, రెక్కలతో పోలిస్తే ఒళ్ళు లావుగా ఉంటే అది హెస్పెరిడే, అంటే స్కిప్పర్ల కుటుంబం. నాలుగు కాళ్ళ మీదే నిలబడితే నింఫాలిడే. వీటి ముందు జత కాళ్ళు కుంచెల్లా చిన్నవై ఛాతీకి అతుక్కుని ఉంటాయి. ప్లెయిన్ టైగర్, పెయింటెడ్ లేడీ, పసుపు, నీలి పాన్సీలు ఇందులోవే. బొటనవేలి గోరంత నుంచి రూపాయి బిళ్ళంత ఉండి, మీసాలకు నలుపు తెలుపు కట్లు, కళ్ళ చుట్టూ తెల్ల అంచు ఉంటే లైసీనిడే, అంటే బ్లూలు అనే చిన్న నీలి రకాల కుటుంబం. ఆరు కాళ్ళ మీద నిలబడి, తెలుపు లేదా పసుపు రంగులో మధ్యరకం సైజులో ఉంటే పియరిడే. ఆరు కాళ్ళు, పెద్ద సైజు, పువ్వు మీద తాగుతున్నంతసేపూ ముందు రెక్కలు ఆడిస్తూనే ఉంటే పాపిలియోనిడే.

పాపిలియోనిడేను తోక రెక్కల కుటుంబం అంటారు కానీ తోకను నమ్మొద్దు. ఊళ్ళలో నిమ్మ చెట్ల దగ్గర కనబడే లైమ్ బటర్‌ఫ్లైకి తోక లేదు, అయినా అది ఈ కుటుంబమే. లైసీనిడేలో చిన్న రకాలకు మాత్రం వెంట్రుకలాంటి తోకలుంటాయి. ఆరో కుటుంబం రియోడినిడే చెట్ల నీడను వదలదు, థార్‌లో దానికోసం వెతకక్కర్లేదు.

ఐదో మెట్టు: కోలోటిస్‌లను విడదీయడం

థార్‌కు వెళ్ళి కోలోటిస్‌లు నేర్చుకోకుండా తిరిగొస్తే వెళ్ళిన పని కానట్టే. ఆఫ్రికా పొడి నేలల నుంచి అరేబియా మీదుగా భారతదేశం దాకా పరుచుకున్న ప్రజాతి ఇది. పొడి నేలను బట్టే దాని విస్తరణ. బ్రిటిష్ కాలపు పుస్తకాల్లో టెరాకోలస్ అనే పేరు కనబడితే తికమక పడకండి, అవి ఇవే.

నేను వీటిని రెండు గుంపులుగా చూస్తాను. శాస్త్రం ఇలా విడదీయలేదు, ఇది బయట తిరిగి చూసేటప్పుడు పనికొచ్చే పద్ధతి మాత్రమే.

మొదటి గుంపు అరబ్‌లు. రెక్క చుట్టూ వెడల్పాటి నల్లటి అంచు, అందులో లేత చుక్కలు. జాల్ చెట్టు పక్కన కనబడిందంటే మొదట రెక్కల అసలు రంగు, అంటే నల్ల అంచు కాక మిగిలిన భాగం రంగు, చూడండి. గులాబీ, నారింజ కలిసిన రంగైతే స్మాల్ సాల్మన్ అరబ్, కోలోటిస్ అమాటా. అదే గులాబీ రంగుండి, ఒంటి దగ్గర రెక్క మొదట్లో నీలి బూడిద చల్లినట్టుంటే బ్లూ స్పాటెడ్ అరబ్, కోలోటిస్ ప్రొట్రాక్టస్. అసలు రంగు తెల్లగా ఉండి నల్ల అంచులో తెల్ల చుక్కలుంటే వైట్ అరబ్, కోలోటిస్ వెస్టాలిస్. ఇక్కడ ఒక చిక్కుంది. అమాటా ఆడవాటిలో తెల్లవి కూడా ఉంటాయి. అందుకని ఒక్క తెల్ల ఆడదాన్ని చూసి వైట్ అరబ్ అని రాసేయకండి. పక్కన ఎగిరే మగదాన్ని, రెక్కల అడుగు భాగాన్ని కూడా చూడండి. అమాటా అడుగు భాగం పసుపు, లేత ఆకుపచ్చ కలిసినట్టుంటుంది.

అమాటాను గుడ్లతో కూడా పట్టవచ్చు. పియరిడేలో చాలా రకాలు ఆకుకు ఒక గుడ్డు చొప్పున విడివిడిగా పెడతాయి. అమాటా జాల్ ఆకు మీద గుంపుగా పెడుతుంది, గొంగళి పురుగులు కూడా కలిసే తింటాయి. జాల్ కొమ్మలను నెమ్మదిగా ఎత్తి లేత ఆకులు చూడండి. ఆ పచ్చటి చిన్న పురుగుల గుంపు కనబడిన రోజు, నేను ఆ చెట్టు దగ్గర నుంచి కదలలేకపోయాను. పక్కన గొర్రెలు కాసుకునే పెద్దాయన ఏం చూస్తున్నావని అడిగి, ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు.

లార్జ్ సాల్మన్ అరబ్, కోలోటిస్ ఫౌస్టా, ఇదే గుంపులా కనిపిస్తుంది కానీ పెద్దది, ఎగరడంలో వేగం ఎక్కువ. నల్ల అంచు పలుచన, ముందు రెక్క మధ్యలో ఒక నల్ల చుక్క స్పష్టంగా ఉంటుంది. ఇది జాల్ మీద కాదు, కైర్ చుట్టాలైన పొదల మీద గుడ్లు పెడుతుంది. చూశారా, మళ్ళీ మొక్కే దారి చూపింది.

రెండో గుంపు కొసలకు రంగున్నవి. రెక్క తెల్లగా ఉండి ముందు రెక్క కొస మాత్రం వేరే రంగు. కుంకుమ ఎరుపు కొస, దానికి లోపలా బయటా నల్ల అంచు ఉంటే క్రిమ్సన్ టిప్, కోలోటిస్ డానే. ఆడదానిలో ఆ ఎరుపు మధ్యగా నల్ల చుక్కల వరుస ఉంటుంది. అన్నిటికంటే చిన్నదిగా, నేలకు దగ్గరగా ఎగురుతూ, నల్లటి కొసలో నారింజ పట్టీ ఇరుక్కున్నట్టుంటే లిటిల్ ఆరెంజ్ టిప్, కోలోటిస్ ఎట్రిడా. కొస విశాలంగా నారింజ రంగులో ఉండి, మగదానికి లోపలి వైపు నల్ల గీత బదులు పసుపు ఛాయ ఉంటే ప్లెయిన్ ఆరెంజ్ టిప్, కోలోటిస్ ఆరోరా. ఈ మూడూ అనంతపురం, కర్నూలు వైపు పొదల్లో కూడా దొరుకుతాయి, కాబట్టి జైసల్మేర్ టికెట్ తీసే ముందు మన ఊళ్ళోనే సాధన చేయవచ్చు.

వీటితో కలిసిపోయే బయటివాటిలో ఒకటి వైట్ ఆరెంజ్ టిప్. పేరు ఒకేలా ఉన్నా అది ఇక్సియాస్ అనే వేరే ప్రజాతి. దాని నారింజ మచ్చకు చుట్టూ నల్లటి చట్రం ఉంటుంది, సైజు కూడా పెద్దది. ఇంకొకటి పయొనీర్, బెలెనోయిస్ ఆరోటా. కొసకు ఎరుపో నారింజో లేదు, నరాల వెంట నల్ల గీతలు, ముందు రెక్క మీద వంకర నల్ల గీత. ఒక్కో ఏడాది ఇది వేలకొద్దీ ఒకే దిక్కుకు ఎగురుతూ పోతుంది.

ఆరో మెట్టు: వేషాలను చూసి మోసపోకండి

ఒకే జాతి వానాకాలంలో ఒకలా, పొడి కాలంలో ఇంకోలా ఉంటుంది. కోలోటిస్‌లలో పొడి కాలపు రూపానికి నల్ల గుర్తులు తగ్గుతాయి, అడుగు భాగం ఇసుక రంగుకో ఎండుటాకు రంగుకో తిరుగుతుంది. అక్టోబరులో చూసినదానికీ మార్చిలో చూసినదానికీ తేడా కనబడగానే వేరే జాతి అనుకోకండి. తేదీ రాసుకోవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

రెండో వేషం ప్లెయిన్ టైగర్ చుట్టూ నడుస్తుంది. జిల్లేడు పాలలోని విషాన్ని గొంగళి పురుగుగా ఉన్నప్పుడే ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దీన్ని వదిలేస్తాయి. విషం లేని డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం ఇలాగే వేషం వేసుకుంటుంది. మగది మాత్రం నల్లగా, పెద్ద తెల్ల మచ్చలతో ఉంటుంది. ప్లెయిన్ టైగర్‌కు వెనుక రెక్క మధ్యలో మూడు నల్ల చుక్కలు, మగదానికైతే ఇంకోటి ఎక్కువ. ఎగ్‌ఫ్లై ఆడదానికి పై అంచు దగ్గర ఒకటే పెద్ద మచ్చ. అనుమానం ఉంటే మొక్కను చూడండి. జిల్లేడు మీద గుడ్డు పెడుతోందా, గంగపాయల కూర మీదనా? నేను మొదటి ఏడాది తీసిన ప్లెయిన్ టైగర్ ఫోటోలు తర్వాత తిరగేస్తే, అందులో మూడు ఎగ్‌ఫ్లైలే. చుక్కలు లెక్కపెట్టే అలవాటు నాకు అప్పుడే వచ్చింది.

ఇంకా ఉంది. ప్లెయిన్ టైగర్‌లోనే ముందు రెక్క కొసకు నలుపు తెలుపు లేని డోరిప్పస్ అనే రూపం ఉంది. పడమటి పొడి నేలల్లో అది కనబడితే ఆశ్చర్యపోవద్దు, అది వేరే జాతి కాదు. ఎగ్‌ఫ్లై ఆడవాటిలో ఆ రూపాన్ని కూడా అనుకరించేవి ఉన్నాయి.

చివరగా, బాటసారులను స్థానికుల నుంచి వేరుచేసి రాయండి. పెయింటెడ్ లేడీ థార్‌లో కనబడుతుంది కానీ ఇది ఎడారి జాతి అనలేం. అది లోకం చుట్టే జీవి. 2013లో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా తీరంలో కనిపించిన కొన్ని పెయింటెడ్ లేడీలు అట్లాంటిక్ సముద్రం మీదుగా సుమారు 4,200 కిలోమీటర్లు ఎగిరి వచ్చాయని పరిశోధకులు 2024లో ప్రకటించారు.

ఏడో మెట్టు: రేగు పొద దగ్గర ఆగడం నేర్చుకోండి

రేగు పొద మీద, ముఖ్యంగా నేల రేగు మీద, టారుకస్ ప్రజాతికి చెందిన పియెరోలు ఉంటాయి. తెల్లటి అడుగు భాగం మీద నల్ల చుక్కలు, గీతలు, చిన్న తోక. మగవాటి పైభాగం ఊదా నీలం, ఆడవి గోధుమ రంగు. రేగు ఆకు మీద పచ్చదనం గీకేసి పలచటి పొర మాత్రం మిగిలిన మచ్చలు కనబడితే అక్కడ వాటి గొంగళి పురుగులున్నట్టే. చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. పురుగు ఒంటి నుంచి ఊరే తీపి ద్రవం కోసం వచ్చి, అవే దానికి కాపలా కాస్తాయి.

ప్రజాతి దాకా తేలిక. జాతి దగ్గరే కష్టం. థియోఫ్రాస్టస్, నారా, కల్లినారా, బాల్కానికస్, ఇండికా. ఇవన్నీ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, నిపుణులు కూడా మగవాటి జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూసి గానీ నమ్మకంగా చెప్పరు. ఆడవాటిని ఫోటో చూసి చెప్పడం దాదాపు కుదరదు. ఫోటో పెట్టగానే ఎవరో ఒకరు కచ్చితమైన జాతి పేరు రాసేస్తారు, మనకూ సంతోషమేస్తుంది. దయచేసి ఒప్పుకోకండి. "టారుకస్ ప్రజాతి, జాతి తేలలేదు" అని రాయండి. అది అసంపూర్ణమైన గుర్తింపు కాదు, ఫోటోలో ఉన్న ఆధారం అంతవరకే. తప్పు జాతి పేరుతో నమోదైన ఒక్క ఫోటో విస్తరణ పటాల్లోకి ఎక్కిందంటే, దాన్ని తీసేయడానికి ఏళ్ళు పడుతుంది. డీఎన్‌ఏ బార్‌కోడ్ పద్ధతిలో ఒక కాలి ముక్కతో కూడా పరీక్ష చేస్తారు, కానీ అది అనుమతి ఉన్న పరిశోధకుల పని.

తుమ్మ పూత మీద తిరిగే బబుల్ బ్లూలలో, అంటే అజానస్ ప్రజాతిలో, కూడా ఇదే జాగ్రత్త. నేలబారు నీలిమందు జాతి మొక్కల మీద గోరంత మాత్రమే ఉండే గ్రాస్ జ్యువెల్ మాత్రం ప్రజాతి దాకా తేలికగా తెలిసిపోతుంది. వెనుక రెక్క అడుగున అంచు దగ్గర నారింజ వలయంలో మెరిసే చుక్కలు. మన దేశపు అతిచిన్న సీతాకోకచిలుకల్లో ఒకటి. దాన్ని చూడాలంటే బోర్లా పడుకోవాలి.

ఎనిమిదో మెట్టు: పేరును చదవడం

జంతువులకు శాస్త్రీయ పేరు పెట్టే పద్ధతి స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758 నాటి సిస్టమా నేచురే పుస్తకం పదో కూర్పుతో మొదలవుతుంది. అప్పట్లో సీతాకోకచిలుకలన్నిటినీ ఆయన పాపిలియో అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. జాతి పేరు తర్వాత దాన్ని పెట్టినాయన పేరు, ఏడాది రాస్తారు. లైమ్ బటర్‌ఫ్లై పేరు పాపిలియో డెమోలియస్ లిన్నేయస్, 1758 అని రాస్తారు, బ్రాకెట్ లేకుండా. స్మాల్ సాల్మన్ అరబ్‌కు మాత్రం కోలోటిస్ అమాటా (ఫాబ్రిసియస్, 1775). బ్రాకెట్ ఉందంటే, పేరు పెట్టినాయన వేరే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత మార్చారు అని అర్థం. లిన్నేయస్ శిష్యుడైన ఫాబ్రిసియస్ కూడా దీన్ని పాపిలియో అనే అన్నాడు. ఒక్క బ్రాకెట్‌లో ఇంత చరిత్ర ఉంది.

పేర్లు ఎందుకు మారతాయో ప్లెయిన్ ఆరెంజ్ టిప్‌తో చెప్పవచ్చు. పాత పుస్తకాల్లో దాని పేరు కోలోటిస్ యూకారిస్. ఫాబ్రిసియస్ 1775లో దాన్ని పాపిలియో యూకారిస్ అన్నాడు. కానీ 1773లోనే డ్రూరీ వేరే సీతాకోకచిలుకకు అదే పేరు పెట్టేశాడు. అది మన పెరళ్ళలో తిరిగే కామన్ జెజబెల్, ఇప్పటి డెలియాస్ యూకారిస్. ఒకే పేరు రెండింటికి ఉండకూడదు, ముందు పెట్టిందే నిలుస్తుంది. అందుకే మన ఎడారి జీవికి క్రామర్ పెట్టిన ఆరోరా అనే పేరు దక్కింది. బ్లూ స్పాటెడ్ అరబ్ సంగతి వేరు. ఒకప్పుడు దాన్ని ఫిసాడియా అనే జాతిలో ఉపజాతిగా లెక్కపెట్టేవాళ్ళు, ఇప్పుడు సొంత జాతి. మొదటిది పేరు తగాదా, రెండోది చుట్టరికం మీద అభిప్రాయం మారడం. పాత పేరు కనబడినప్పుడు ఈ రెండిట్లో ఏది జరిగిందో చూసుకోండి.

తొమ్మిదో మెట్టు: నమోదు

నోటుబుక్కులో ఇవి రాయండి: తేదీ, సమయం, ఊరు, వాన పడి ఎన్ని రోజులైంది, మొక్క, ఏం చేస్తోంది, మగదా ఆడదా, ఎక్కడిదాకా నమ్మకంగా తేల్చారు, ఏ గుర్తు చూసి తేల్చారు. ఈ చివరిది ఎవరూ రాయరు. "వెనుక రెక్క మధ్యలో మూడు చుక్కలు, కాబట్టి ప్లెయిన్ టైగర్" అని రాసి ఉంటే, రేపు ఎవరైనా సరిచూసుకోవచ్చు. తర్వాత ఐన్యాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో (రెండూ జీవుల ఫోటోలు నమోదు చేసే వెబ్‌సైట్లు) పెట్టండి. ఫోన్ యాప్ చెప్పే పేరును సూచనగా తీసుకోండి, తీర్పుగా కాదు. జోధ్‌పూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి ఎడారి ప్రాంతీయ కేంద్రం 1960 నుంచి పనిచేస్తోంది. థార్ జంతుజాలం మీద వాళ్ళ ప్రచురణలు వెతికి చదవండి.

మొదటి ప్రయాణంలో ఒక్క జాల్ చెట్టును ఎంచుకుని, దాని స్థానం ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. అక్టోబరులో ఒక ఉదయమంతా అక్కడే గడపండి. మార్చిలో మళ్ళీ అదే చెట్టు దగ్గరికి వెళ్ళి, అదే వైపు కూర్చుని, కొత్త పేజీలో మొదటి వరుస నుంచి రాయడం మొదలుపెట్టండి.